ఉచితంగా పెట్టిన ఫొటో మోసగాళ్ళ పాలైతే ఫిర్యాదు ఎవరికివ్వాలి?

సంపాదకులకు నమస్కారం.

క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు) పేరుతో జరిగే మోసాల మీద మీ పత్రికలో తరచూ వార్తలు చూస్తున్నాను. ఎవరు ఎంత పోగొట్టుకున్నారు, డబ్బు ఏ ఖాతాకు వెళ్ళింది అన్నంతవరకు వివరంగానే రాస్తున్నారు. కానీ జనాన్ని ఆ మోసంలోకి లాగిన బొమ్మలు ఎవరివి, ఎక్కడి నుంచి తెచ్చారు అన్న సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను విశాఖలో చాలా ఏళ్ళుగా ఫొటోలు తీస్తున్నాను. ఫిషింగ్ హార్బర్, భీమిలి తీరం, సింహాచలం గిరిప్రదక్షిణ, కైలాసగిరి మీద నుంచి కనిపించే ఊరు, ఇలా తీసినవాటిలో బాగా వచ్చినవి ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సుతో ఇంటర్నెట్‌లో పెడుతుంటాను. బడిపిల్లల ప్రాజెక్టులకో, చిన్న పత్రికలకో పనికొస్తాయని నా ఆశ. మన ఊళ్ళ గురించి తెలుగులో రాసేవాళ్ళకు మంచి ఫొటోలు ఉచితంగా దొరకడం ఇప్పటికీ కష్టమే.

ఈమధ్య మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన తిరిగింది. అందులో ఉన్నది హార్బర్ దగ్గర ఎండుచేపలు అమ్మే ఒకావిడ ఫొటో. ఆవిడను అడిగి, సరేనన్నాకే నేను తీసినది. అసలు ఫొటోలో ఆవిడ చేతిలో చేపల గంప ఉంటుంది. ప్రకటనలో గంప చెరిపేసి, బంగారు రంగు బిట్‌కాయిన్ నాణెం అతికించారు. సరిగ్గా అతకలేదు కూడా, నాణెం అంచు కింద గంప అల్లిక ఇంకా కనబడుతూనే ఉంది. వెనకాల పడవల మీద ‘రోజుకు 3 శాతం లాభం, గ్యారంటీ’ అని ఎర్ర అక్షరాలు. కింద ‘నేను చదువుకోలేదు, అయినా నెలకు లక్ష సంపాదిస్తున్నాను’ అని ఆవిడే చెప్పినట్టు ఒక వాక్యం. ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనలేదు. క్రిప్టో అంటే ఏమిటో కూడా ఆవిడకు తెలియదు. పేటలో ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగేసరికి కంగారు పడి నా దగ్గరకు వచ్చింది. ‘నా మొకం చూసి ఎవరైనా డబ్బులేసి, రేపు నా ఇంటి మీదకొస్తే ఏం చెప్పాలి బాబూ?’ అని అడిగింది.

రోజుకు 3 శాతం చొప్పున లాభాన్ని అసలుకు కలుపుకుంటూ పోతే లక్ష రూపాయలు ఏడాది తిరిగేసరికి 480 కోట్లు దాటాలి. అలాంటి వ్యాపారం భూమ్మీద లేదు. సెల్‌ఫోన్‌లో ఎవరైనా వేసుకోగల లెక్కే ఇది. అయినా మన ఊరి హార్బరు, మనలాంటి మనిషి నవ్వు కనబడగానే ఆ లెక్క వేసుకోవాలన్న ఆలోచనే రాదు. మోసగాళ్ళు ఇలాంటి ఫొటోలనే ఏరుకోవడానికి కారణం అదే. మరి కొందరు ‘ప్రభుత్వమే దీని మీద పన్ను తీసుకుంటోంది’ అనే మాట కూడా బొమ్మ మీద రాస్తున్నారు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే. పన్ను వేసినంత మాత్రాన ఆ పెట్టుబడికి ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు.

‘ఉచితంగా పెట్టారు కదా, ఇంక అడిగేదేముంది’ అని నాతో కొందరన్నారు. ఇది పొరపాటు. నేను వాడే స్వేచ్ఛా లైసెన్సు పేరు క్రియేటివ్ కామన్స్. దానితో నేను వదులుకునేది ఫొటో తీసినవాడిగా నాకున్న హక్కుల్లో కొంత భాగం. ఫొటోలోని మనిషి పరువు మీద, ఆమె ముఖం మీద నాకే హక్కు లేనప్పుడు ఇంకొకరికి ఎలా ఇస్తాను? వ్యక్తుల గోప్యత హక్కులు ఇందులోకి రావని ఆ లైసెన్సులోనే రాసి ఉంది.

ఇక రెండో సంగతి. మోసగాళ్ళు ప్రతిసారీ బొమ్మను దింపుకుని వాడరు. ఉచితంగా బొమ్మలు ఉంచే సైటు నుంచి లింకు మాత్రమే తీసుకుని వేల ఈమెయిళ్ళలో, దొంగ వెబ్‌సైట్లలో పెడతారు. తెరిచిన ప్రతిసారీ బొమ్మ ఆ ఉచిత సైటు సర్వర్ నుంచే వస్తుంది. ఖర్చంతా ఆ సైటుది. పైగా పేరున్న సైటు లింకు కావడంతో మోసపు మెయిళ్ళను ఆపే స్పామ్ ఫిల్టర్లు కూడా ఒక్కోసారి వదిలేస్తాయి. ఈ భారం ఎంతవరకు వెళ్ళగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2004లో మొదలై ఇప్పుడు 10 కోట్లకు పైగా ఫైళ్ళున్న వికీమీడియా కామన్స్ అనే ఉచిత బొమ్మల సైటు విరాళాల మీద నడుస్తోంది. అందులోని ఒక పువ్వు ఫొటోకు మన దేశం నుంచి దాన్ని పంపమని రోజుకు 9 కోట్ల దాకా అభ్యర్థనలు వస్తున్నాయని 2021 ఫిబ్రవరిలో బయటపడింది. వాళ్ళ ఒక డేటా సెంటర్‌లో బొమ్మల కోసం వచ్చే అభ్యర్థనల్లో అది దాదాపు ఐదో వంతు. ఆరా తీస్తే కారణం ఒక మొబైల్ యాప్ అని తేలింది. అందులో మోసం లేదు, ఎవరో ప్రోగ్రామర్ అజాగ్రత్త. కావాలని చేసేవాళ్ళు ఇంకెంత చేయగలరో ఆలోచించండి.

అలాగని బయటి పేజీల్లో బొమ్మలు కనబడకుండా తలుపులు మూసేయమని నేను అడగను. 2017లో, బొమ్మలు దాచుకునే సైటు నడిపే ఫొటోబకెట్ సంస్థ బయటి పేజీల్లో బొమ్మ కనబడాలంటే ఏడాదికి 399 డాలర్లు కట్టాలని ఉన్నట్టుండి షరతు పెట్టింది. ఏ పాపమూ ఎరగని ఎంతోమంది పాత పేజీల్లో బొమ్మలు మాయమయ్యాయి. మోసగాళ్ళు ఇంకో సైటు చూసుకుంటారు, నష్టపోయేది మామూలు జనం.

అంతకంటే తేలిక మార్గం ఉంది. బొమ్మను ఏ పేజీ అడుగుతోందో సర్వర్‌కు చాలాసార్లు తెలుస్తుంది. ఆ ఒక్క పేజీకి అసలు ఫొటో బదులు ‘ఇది మోసం, డబ్బు పంపకండి’ అని రాసిన బొమ్మ పంపవచ్చు. వెబ్‌సైట్లు నడిపేవాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. దొంగ పేజీలోనే, వాళ్ళు పెట్టుకున్న చోటే హెచ్చరిక కనబడుతుంది. నా ఫొటో ఉన్న సైటువాళ్ళకు ఇదే సూచిస్తూ రాశాను. లైసెన్సు ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చని యంత్రం పంపిన జవాబొకటి వచ్చింది, అంతే.

ఫిర్యాదు చేద్దామని వెళ్ళినచోట అడిగిన మొదటి ప్రశ్న ‘మీరెంత పోగొట్టుకున్నారు?’ ఏమీ పోలేదన్నాను. డబ్బు పోయినవాళ్ళు వస్తే చూస్తామన్నారు. ఇక్కడే నా బాధంతా. బ్యాంకు ఖాతాలో ఉన్నంతసేపు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఆపించే వీలుంటుంది. క్రిప్టోగా మారి మోసగాడి వాలెట్‌లోకి, అంటే క్రిప్టో దాచుకునే ఖాతాలోకి, వెళ్ళాక వెనక్కి తిప్పే బ్యాంకు ఏదీ ఉండదు. కాబట్టి ఎవరూ నష్టపోకముందు చేతికి దొరికే ఆధారం ఆ ప్రకటనే, ఆ బొమ్మే. కంప్యూటర్ సాయంతో మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. మార్చిన ఫొటోలతో ఒక మనిషిలా నటిస్తున్నారని ఆ మనిషిగానీ, ఆమె తరఫున ఇంకొకరుగానీ ఫిర్యాదు చేస్తే నిర్ణీత గడువులోగా తొలగించే చర్యలు తీసుకోవాలని 2021 ఐటీ నిబంధనలు సామాజిక మాధ్యమాలకు, సైట్లకు చెప్పాయి. చట్టానికి లోటు లేదు. చేపలమ్ముకునే ఆవిడ ఇంగ్లిషు ఫారం నింపి ఆ నిబంధన ఎలా వాడుకుంటుంది?

ఈ మోసాలు మనకు దూరం అనుకోవడానికీ లేదు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళను కంబోడియా తీసుకెళ్ళి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024 మేలో బయటపెట్టింది విశాఖ పోలీసులే. అంత పెద్ద పని చేసినవాళ్ళకు నేనడిగేది చాలా చిన్నది. ఫొటో దుర్వినియోగమైన మనిషి, డబ్బు పోకపోయినా, తెలుగులో నోటితో చెబితే రాసుకుని రసీదు ఇవ్వాలి. ఆమె తరఫున ఆ సైటుకు, వాట్సాప్‌కు నోటీసు స్టేషన్ నుంచే వెళ్ళాలి. ఆ బొమ్మను పోలీసులు తమ పేజీలో ‘ఇది నకిలీ’ అని చూపిస్తే ఆవిడను పేటలో ఎవరూ నిలదీయరు.

మార్చకముందు తీసిన అసలు ఫైలు, తీసిన తేదీ వివరాలతో సహా నా దగ్గర ఉంది. ఆవిడ కూడా వచ్చి చెప్పడానికి సిద్ధమే. ఎక్కడికి రావాలో అధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేస్తే ఇద్దరం వస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం