బర్డ్ ఫ్లూ వార్తలో తప్పు, కాలువలో కోళ్లు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం జిల్లా పేజీలో బర్డ్ ఫ్లూ మీద మీరు వేసిన వార్త గురించి ఈ ఉత్తరం. అప్పుడే రాయాల్సింది, దాళ్వా ఊడ్పుల హడావుడిలో కుదరలేదు. ‘వైరస్ కణానికి కన్నం పెట్టి లోపలికి దూరుతుంది’ అన్నారు. దానికి అంత శ్రమ దేనికండీ? తలుపు మనమే తీస్తాం.

ఫ్లూ వైరస్ ఒంటినిండా ముళ్లలా హిమాగ్లుటినిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. కణం మీదున్న సియాలిక్ ఆమ్లం అనే చక్కెరను అది పట్టుకుంటుంది. పట్టు దొరికాక కణమే దాన్ని ఓ చిన్న తిత్తిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. తిత్తిలో ఆమ్లత పెరిగేసరికి ఆ ప్రొటీన్ రూపు మారుతుంది, వైరస్ పొర తిత్తి పొరతో కలిసిపోతుంది, జన్యువులు కణంలోకి వచ్చి పడతాయి. మన కాలువల్లో పడవలు తిరిగిన రోజులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పడవ లాకులోకి (కాలువలో రెండు వైపులా తలుపులున్న గదిలోకి) రాగానే వెనక తలుపులు మూసి, నీటిమట్టం సరిచేశాకే ముందు తలుపులు తీసేవారు. (ఆ లాకుల గతి ఇప్పుడేమైందో ఇంకో ఉత్తరంలో రాస్తాను.)

పక్షుల వైరస్ వెతుక్కునే చక్కెర అతుకు (ఆ చక్కెర పక్క చక్కెరకు అంటుకున్న తీరు) వేరు, మన ముక్కు, గొంతుల్లో ఎక్కువగా ఉండే అతుకు వేరు. అందుకే అది మనకు తేలిగ్గా అంటదు. కానీ పక్షుల రకం అతుకు మన ఊపిరితిత్తుల లోతుల్లో, కళ్లలో ఉంది. అంటే భయం షెడ్డులో రెట్ట దుమ్ము పీల్చే కూలీకి, బాగా ఉడికించి తినేవాడికి కాదు. మీరేమో ‘చికెన్ తినొచ్చా?’ అని సగం పేజీ నింపారు. కూలీ గురించి ఒక్క ముక్క లేదు.

2025 ఫిబ్రవరిలో మా చుట్టుపక్కల కానూరు, వేల్పూరుల్లో హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ అని తేలినప్పుడు టీవీల నిండా తెల్ల సూట్లే. మా ఊళ్లో చచ్చిన కోళ్లను ఎత్తినవాళ్లకు తలకు చుట్టుకున్న తువ్వాలే మాస్కు. రాత్రికి రాత్రి గోనె సంచులు కాలువలో తేలాయి. మా మంచినీళ్ల చెరువు నిండేది ఆ నీళ్లతోనే. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే కాలువ మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో కోళ్లు మావి కావన్నారు. మూడో ఆయన ‘వాట్సాప్‌లో ఫోటో పెట్టండి’ అన్నారు. పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఈలోగా సంచులు దిగువ ఊరికి కొట్టుకుపోయాయి కాబట్టి మా ఫిర్యాదు పరిష్కారమైనట్టే లెక్క కాబోలు.

ఆ తప్పు దిద్దుతూ నాలుగు లైన్లు వేయండి. సినిమా పేజీ అడుగున కాదు, అదే జిల్లా పేజీలో.

ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
తణుకు దగ్గర పల్లె