పాత రేవు ఇంకా పనిచేస్తోంది

సంపాదకులకు నమస్కారం.

కాకినాడ పాత పోర్టును పెద్ద పెద్ద ఊళ్ళలోలాగా వాటర్‌ఫ్రంట్, అంటే జనం షికారుకొచ్చే నీటి ఒడ్డు, చేసేస్తే ఎంత బావుంటుందో అని మా వాళ్ళు అంటుంటే చాలాసార్లు విన్నాను. నాకూ ఇష్టమే. సాయంత్రం పూట పిల్లల్ని తీసుకెళ్ళి ఆ పోర్టున్న ఉప్పుటేరు గట్టున కాసేపు కూర్చోవాలని జగన్నాథపురంలో పుట్టినవాళ్ళెవరికి ఉండదు? కానీ ఆ మాట అనేవాళ్ళు పాత పోర్టు అంటే పాడుపడ్డ చోటు అనుకుంటున్నారు, నా బాధంతా అక్కడే.

మా అమ్మాయి ఉద్యోగం చేసే జర్మనీలోని హాంబర్గ్‌లో రెండు నెలలు ఉండి వచ్చాను. అక్కడ ఎల్బే నది ఒడ్డున పాత రేవు ఉన్న చోటే హాఫెన్‌సిటీ అని కొత్త పేట కట్టారు. 157 హెక్టార్లు, 2000లో ప్లాన్ ఒప్పుకుని మొదలుపెట్టి ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. కోకో బస్తాలు దాచిన పాత గోడౌన్ గోడల మీదే సంగీత భవనం లేపారు, చూసి నోట మాట రాలేదు. అయితే ఒక్క సంగతి గమనించండి. కంటైనర్లు వచ్చాక పెద్ద ఓడలు నది అవతలికి తరలిపోయాయి, ఇవతల రేవు ఖాళీ అయింది, ఆ తరవాతే అక్కడ మేడలు లేచాయి.

మన దగ్గర అలా జరగలేదు. 1997లో పెద్ద ఓడలు గట్టుకే వచ్చి ఆగే డీప్ వాటర్ పోర్టు వచ్చినా పాత పోర్టు, అంటే యాంకరేజ్ పోర్టు, మూతపడలేదు. ఓడ సముద్రంలో లంగరేసుకుని ఆగుతుంది, బియ్యం బస్తాలు బార్జీల్లో ఓడ దగ్గరికి వెళ్తాయి. మా మామయ్య ముప్ఫై ఏళ్ళు బార్జీ మీద పనిచేశాడు, ఆ కూలి డబ్బులతోనే ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాడు. కలాసీలు, లారీలవాళ్ళు, వలలు బాగుచేసుకునేవాళ్ళు, ఎండు చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు, వీళ్ళందరికీ ఆ గట్టే బతుకు. అక్కడ టైల్స్ పరిచి, రెయిలింగు కట్టి, గేటు పెడితే వీళ్ళు ఎక్కడికి పోతారు?

హాంబర్గ్‌లోనే 1880లలో ఎర్ర ఇటుకల గోడౌన్లు కట్టడానికి సుమారు 20 వేలమందిని ఇళ్ళు ఖాళీ చేయించారట. ఇప్పుడవి యునెస్కో గుర్తింపు ఉన్న కట్టడాలు, నేనూ ఫొటోలు తీసుకున్నాను, ఆ సంగతి తెలిశాక మాత్రం మనసు చివుక్కుమంది. కొత్త పేటలో కూడా మొదట కట్టిన ఇళ్ళు మామూలు జీతగాళ్ళకు అందలేదు, తరవాత మూడోవంతు ఇళ్ళు తక్కువ అద్దెకు ఇవ్వాలని పెట్టుకున్నారు. మనం ఆ పని మొదటి రోజునుంచే చేయొచ్చు కదా.

ఇంకోటి, నీళ్ళ సంగతి. 1962 వరదలో హాంబర్గ్‌లో 300 మందికి పైగా చనిపోయారు, అందుకే కొత్త భవనాలన్నీ సముద్ర మట్టానికి 8, 9 మీటర్ల ఎత్తు లేపి కట్టారు. మనకా అనుభవం తక్కువేం కాదు. పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఎంత పెద్ద రేవు! 1839 ఉప్పెనతో మరి లేవలేదు. 1996 నవంబరు తుపాను రాత్రి మేమంతా మేల్కొనే ఉన్నాం, కోనసీమలో ఎన్ని ఇళ్ళు ఆరిపోయాయో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఎదురుగా హోప్ ఐలాండ్, దక్షిణాన కోరంగి మడ అడవి, ఉప్పెన రాకుండా ఇవి రెండే మనకు అడ్డు. గట్టు అందం కోసం మడ చెట్లు నరికితే ఏ గోడా ఆపలేదు.

కాబట్టి అధికారులకు మీ పత్రిక ద్వారా నేను అడిగేది ఇది. ముందు ఉప్పుటేరు పూడిక తీయించండి, బార్జీలకూ బోట్లకూ దారి బాగుపడుతుంది. ఊరి మురుగు అందులో కలవకుండా చూడండి, ఆ కంపు పోకుండా అక్కడ కూర్చునేదెవరు? పాత గోడౌన్లు పడగొట్టకుండా బాగుచేయించండి. నడిచే దారి కావాలంటే సరుకు దిగని వైపు వేయండి. ప్లాన్ ఏదైనా గీస్తే తెలుగులో రాసి జగన్నాథపురం వంతెన దగ్గర అంటించండి, జనాన్ని పిలిచి సభ పెట్టండి. ఆ సభ మాత్రం బార్జీలు కదిలే పోటు వేళ పెట్టకండి, రావలసినవాళ్ళంతా అప్పుడు సముద్రంలో ఉంటారు.

ఇట్లు,
జగన్నాథపురం పాఠకుడు, కాకినాడ