డి అండ్ సి చేశారు సరే, ఎలా చేశారో కాగితం మీద రాయండి

సంపాదకులకు నమస్కారం.

సంతానలేమి గురించి మీ పేపర్లో తరచూ రాస్తున్నారు, సంతోషం. వయసు, థైరాయిడ్, పీసీఓడీ, మగవాళ్ల కౌంట్, అన్నీ వస్తున్నాయి. కానీ నెల తప్పాక రెండో నెలలోనో మూడో నెలలోనో గర్భం పోయి, ఆస్పత్రిలో గర్భసంచి క్లీన్ (డి అండ్ సి) చేయించుకుని ఇంటికెళ్లిన ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయట్లేదు. నేను లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుని. వాళ్లలో చాలామంది వెళ్లేముందు మెల్లగా అడిగేది ఒకటే, "అక్కా, మళ్లీ నిలుస్తుందా?"

నిలుస్తుందనే చెప్తాం, అది నిజమే. ఒక్కసారి, సరిగ్గా, ఇన్ఫెక్షన్ లేకుండా జరిగితే చాలామందికి మళ్లీ గర్భం రావడానికి అడ్డేమీ ఉండదు. రెండు వారాల్లోనే అండం విడుదల కావచ్చు కూడా, కాబట్టి ఇప్పుడప్పుడే వద్దనుకునేవాళ్లు మొదటి పీరియడ్ దాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలి. ఇంత చెప్పి పంపినా, ఇంటికెళ్లాక అత్తగారో పక్కింటావిడో "సంచి కడిగేశాక ఇంక కడుపెక్కడ నిలుస్తుందమ్మా" అంటే చాలు, ఆ పిల్లకి నిద్ర ఉండదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. బిందె ఎత్తిందని, ఆటోలో తిరిగిందని కోడలిని ఆడిపోసుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండు.

అసలు ఇబ్బంది చేసే పద్ధతిలో ఉంటుంది. గర్భసంచి లోపలి పొర నెలనెలా ఊడిపోయి, అడుగున ఉన్న పొర నుంచి మళ్లీ పెరుగుతుంది. క్యూరెట్‌ అనే చెంచాలాంటి పరికరంతో లోతుగా గీకితే ఆ అడుగు పొరే దెబ్బతిని, గోడలు అక్కడక్కడా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. 1948లో జోసెఫ్ అషర్మన్ అనే డాక్టర్ దీని గురించి వివరంగా రాశారు, అందుకే అషర్మన్ సిండ్రోమ్ అంటారు. రెండుమూడుసార్లు క్లీనింగ్ అయినవాళ్లకి, కాన్పులో మాయ ముక్క లోపలే ఉండిపోయి పచ్చి ఒంటి మీద గీకించుకున్న బాలింతలకి ఈ ముప్పు ఎక్కువ. గర్భసంచికి టీబీ సోకినా ఇలాంటి అతుకులే వస్తాయి, మన దేశంలో అది తక్కువేమీ కాదు, కాబట్టి ప్రతిదానికీ డి అండ్ సినే కారణం అనేయడం కూడా తప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గీకుడు మానేసి సక్షన్ (లోపలున్నది పీల్చి తీయడం) వాడమని ఎప్పట్నుంచో చెప్తోంది. పన్నెండు వారాల లోపు అయితే చేత్తో లాగే ఎంవీఏ సిరంజి చాలు, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. అయినా సక్షన్ మొత్తం అయ్యాక, "ఎందుకైనా మంచిది" అని క్యూరెట్ ఒకసారి తిప్పే అలవాటు ఇంకా పోలేదు. నేను కళ్లారా చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది.

మొన్నామధ్య ఒకావిడ ప్లాస్టిక్ కవర్ నిండా కాగితాలతో వచ్చింది. నెలకి ఒక్కరోజు మరకలా కనిపించి ఆగిపోతోంది, పొత్తికడుపులో మాత్రం నొప్పి. పాత డిశ్చార్జ్ కార్డు తీసి చూస్తే డి అండ్ సి డన్ అని ఒక లైను, కింద యాంటీబయాటిక్ పేరు, అంతే. ఎన్నో వారమో లేదు, సక్షనో క్యూరెట్టో లేదు, బ్లడ్ గ్రూప్ గడి ఖాళీ. ఆమెకు హిస్టెరోస్కోపీ (సన్నని గొట్టం కెమెరాతో గర్భసంచి లోపల చూడటం) చేస్తే అతుకులు బయటపడ్డాయి, అందులోనే కత్తిరించి విడదీశారు. కానీ ఈలోగా ఆమె ఎన్ని టెస్టులకి, ఎన్ని పూజలకి, ఎంత డబ్బు పోసిందో!

బ్లడ్ గ్రూప్ ఎందుకంటే, నెగటివ్ గ్రూప్ తల్లికి అవసరమైతే యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల్లోపు పడాలి, లేకపోతే వచ్చే కాన్పులో బిడ్డకి ప్రమాదం. తీసిన ముక్కని పరీక్షకు పంపడం కూడా అంతే ముఖ్యం. అది ముత్యాల గర్భమని (మాయ నీటిబుడగల గుత్తిలా పెరిగే గర్భం) తేలితే రక్తపరీక్షల్లో గర్భం హార్మోన్ పూర్తిగా తగ్గి, డాక్టర్ సరే అనేదాకా మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి.

మెడికల్ షాపులో అబార్షన్ కిట్ కొని స్కానింగ్ లేకుండా మింగేవాళ్లు, ఆర్‌ఎంపీ దగ్గర రహస్యంగా చేయించుకునేవాళ్లు ఉన్నారు. సగంలో ఆగిపోయి, ఇన్ఫెక్షన్ ట్యూబులకి ఎక్కాక మా దగ్గరకు వస్తారు. 2021లో సవరించిన అబార్షన్ చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు, 18 నిండిన స్త్రీకి తన సంతకమే చాలు, మొగుడిది అడగడానికి వీల్లేదు. ఇది తెలియకే భయపడి అటు పోతున్నారు.

ఆస్పత్రుల సూపరింటెండెంట్లకు నా విన్నపం ఏంటంటే, డిశ్చార్జ్ కార్డు మీద వారం, పద్ధతి, ముక్క పరీక్ష, బ్లడ్ గ్రూప్, ఈ నాలుగూ రాయించండి. మీరు కూడా ఆరోగ్యం పేజీలో ఒక చిన్న బాక్స్ వేయండి. గంటకి రెండు ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో మైల పోతున్నా, నొప్పి తగ్గకపోయినా ఆ రోజే ఆస్పత్రికి రావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటినా పీరియడ్ రాకపోతే, లేదా ముందుకన్నా బాగా తగ్గిపోతే, గర్భం కాదని చూసుకుని లేడీ డాక్టర్‌ని కలిసి, క్లీనింగ్ జరిగిన సంగతి దాచకుండా చెప్పాలి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
ఖమ్మం