ఫోమ్ అంటిస్తే మృదంగం చప్పుడు ఆగదు

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ సత్యనారాయణపురంలో పిల్లలకు మృదంగం నేర్పుతున్నాను. ఈ మధ్య క్లాసు మానేసే పిల్లల్లో చాలామందిది ఒకటే కారణం: ఇంట్లో వాయిస్తుంటే ఇరుగుపొరుగు ఊరుకోవడం లేదట. వాళ్లనూ తప్పుపట్టలేం. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నవారుంటారు, పరీక్షలకు చదువుకునేవారుంటారు. అలాగని మృదంగం మీద గుడ్డ కప్పి సాధన చేస్తే ఏం లాభం? చాపు అనే దెబ్బ సరిగా పలికిందో లేదో చెవికి తెలియాలి కదా!

దీనికి తల్లిదండ్రులు గోడలకు ఫోమ్ షీట్లు, కోడిగుడ్ల అట్టలు అంటిస్తున్నారు. అది డబ్బు దండగని చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోమ్ గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, రికార్డింగుకు పనికొస్తుంది. శబ్దం బయటికి పోకుండా ఆపాలంటే మాత్రం బరువు కావాలి. గోడ బరువు రెట్టింపు చేస్తే శబ్దం 5, 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దూదిలా తేలికైన ఫోమ్ ఏం ఆపుతుంది?

నా శిష్యుడొకడి గదికి నాలుగు వైపులా ఫోమ్ కొట్టించారు. వాణ్ని వాయిస్తూ ఉండమని, కింది ఫ్లాటువారి హాల్లో కూర్చుని విన్నాను. వలంతల, అంటే కుడివైపు మూత మీది దెబ్బలు దాదాపు వినబడలేదు. రవ్వ ముద్ద పెట్టిన తొప్పి, అంటే ఎడమవైపు మూత మీది ‘తోం’ మాత్రం నెత్తి మీద కొట్టినట్టే ఉంది. వాద్యం నేల మీదే ఉంటుంది కాబట్టి స్లాబు ఆ అదురును కిందికి మోసుకొస్తోంది. మందపాటి రబ్బరు ముక్కలు పరిచి, వాటిపైన రెండు పొరల ప్లైవుడ్, ఆపైన కొబ్బరిపీచు చాప వేసి చిన్న అరుగులా చేయించాం. తలుపు కింద వేలెడు సందుంటే రబ్బరు పట్టీ కొట్టించాం. గాలి దూరే చోటల్లా శబ్దమూ దూరుతుంది. స్లైడింగ్ కిటికీలతో వచ్చే చిక్కు కూడా ఇదే, అద్దం ఎంత మందంగా ఉన్నా రెక్కల మధ్య సందు పోదు. ‘తోం’ పూర్తిగా పోయిందని చెప్పను, లోతైన నాదాన్ని ఆపడం కష్టం. కానీ కింద టీవీ పెట్టుకుంటే ఇప్పుడు వినబడటం లేదు. పిల్లవాడు మళ్లీ క్లాసుకు వస్తున్నాడు.

అన్నీ బిగించేశాక మన ఎండాకాలంలో గాలి ఎలా ఆడుతుందో కూడా చూసుకోవాలి. ఏసీ వేస్తే తోలు బిగిసి శ్రుతి మారుతుంది, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి.

శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. తెల్లవారుజాము సాధకం ఇంటికీ ఇంటికీ మధ్య దొడ్డి ఉన్న రోజులకు చెల్లింది. ఇప్పుడు 6 గంటల ముందు వాద్యం ముట్టవద్దనే మా పిల్లలకు చెబుతాను.

అపార్ట్‌మెంట్లు కట్టేవారు జిమ్ ఇస్తున్నారు, ఈతకొలను ఇస్తున్నారు. సెల్లారులో 9 అంగుళాల గోడలు, బరువైన తలుపు పెట్టి ఒక్క చిన్న గది పాటకూ వాద్యానికీ కేటాయించలేరా? ఇప్పటికే కట్టిన చోట్ల కమ్యూనిటీ హాలు ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటోంది. రోజూ సాయంత్రం ఒక గంట దాన్ని పిల్లల సాధనకు ఇవ్వమని అసోసియేషన్ల పెద్దలను కోరుతున్నాను.

– మృదంగం ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ