ఏబీజీ పాఠం సిరంజి దగ్గరే మొదలవ్వాలి

సంపాదకులకు,

నర్సింగ్ విద్యార్థులు ఏబీజీ (ధమని రక్తంలోని వాయువులను, ఆమ్లతను కొలిచే పరీక్ష) అంటే మూడు మామూలు అంకెలు బట్టీ పడుతున్నారు: ఆమ్లతను చూపే పీహెచ్ 7.35–7.45, కార్బన్ డయాక్సైడ్ 35–45, ఆమ్లాన్ని అదుపు చేసే బైకార్బొనేట్ 22–26. అవి నోటికి రావాల్సిందే. కానీ శాంపిల్ చెడితే వాటికి విలువ లేదు. సిరంజిలో గాలి బుడగ మిగిలితే కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు చూపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా సిరంజిలో వాడే ద్రవ హెపారిన్ ఎక్కువైతే బైకార్బొనేట్ కూడా పడిపోతుంది. అరగంట దాటితే రక్తకణాలే ఆక్సిజన్ వాడేసుకుంటాయి.

ఇక చదవడం. పీహెచ్ 7.26, కార్బన్ డయాక్సైడ్ 60, బైకార్బొనేట్ 26 వచ్చాయనుకోండి. ‘రెస్పిరేటరీ ఎసిడోసిస్’ (శ్వాస చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుని రక్తం ఆమ్లమవడం) అని రాసి చాలామంది ఆగిపోతారు. అసలు ప్రశ్న ఆ తర్వాతే ఉంది: ఇది కొత్తదా, పాతదా? కార్బన్ డయాక్సైడ్ 10 పెరిగితే బైకార్బొనేట్ అప్పటికప్పుడు సుమారు 1 మాత్రమే పెరుగుతుంది. కిడ్నీలు సర్దుకోవడానికి కొన్ని రోజులు దొరికితే 4 దాకా పెరుగుతుంది. ఇక్కడ కార్బన్ డయాక్సైడ్ మామూలు 40 నుంచి 20 పెరిగింది; బైకార్బొనేట్ మామూలు 24 నుంచి 2 మాత్రమే పెరిగింది. కాబట్టి 26 ఉంటే సమస్య కొత్తది. మత్తుమందు ఎక్కువైందా, శ్వాస మందగించిందా చూసి వెంటనే డాక్టరును పిలవాలి. బైకార్బొనేట్ 8 పెరిగి 32 ఉంటే పాత సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) కావచ్చు.

శాంపిల్ తీసినప్పుడు రోగికి ఎంత ఆక్సిజన్ పెట్టారో చీటీ మీద రాయడం చాలాచోట్ల మరిచిపోతున్నారు. అది లేకుండా రిపోర్టులోని ఆక్సిజన్ అంకెను అంచనా కట్టలేం. ప్రాక్టికల్ పరీక్షల్లో దీనికీ మార్కులు పెట్టాలి.

– ఒక నర్సింగ్ అధ్యాపకురాలు