డులూత్ మంచులో నేను ఇరుక్కుపోయినప్పుడు మా అమ్మని చూసుకున్న మీ అందరికీ

అందరికీ నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో మా వీధివాళ్లకి, నా పాత స్టూడెంట్స్‌కి, పుత్తూరు చిన్నమ్మకి, ఇంకా పేరు కూడా తెలీని ఒక తమ్ముడికి రాస్తా ఉన్నా ఇది. ఇంటింటికీ పోయి చెప్పినా కానీ, సగం చెప్పేలోపల గొంతు పట్టేస్తా ఉంది, పూర్తిగా చెప్పలేకపోయినా. అందుకే ఇక్కడ.

తెలీనివాళ్లకి చెప్పాలంటే నేను తిరుపతిలో 14 ఏళ్లు సైన్స్ టీచర్‌గా చేసి పోయిన ఆగస్టులో జె-1 వీసా మీద అమెరికా పోయినా, మిన్నెసోటా రాష్ట్రంలో డులూత్ అనే ఊరు, అక్కడ బడిలో మూడో తరగతి పిల్లలకి చెప్తా ఉన్నా. సుపీరియర్ సరస్సు ఒడ్డున కొండ వాలు మీద ఉండే ఊరు అది, కొన్ని రోడ్లు చూస్తే నేరుగా నీళ్లలోకి దిగిపోతాయేమో అనిపిస్తాది. మనకి మంచు అంటే ధనుర్మాసంలో తెల్లారుజామున కొండల్ని కప్పేసి ఎండ రాంగానే పోయేది. అక్కడ నవంబర్లో పడింది పడినట్టే ఉంది, దాని మీద ఇంకా పడతానే ఉంది. డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నర లోపలే పొద్దు గుంకిపోతాది. మంచు కురిసేటప్పుడు కంటే కురవడం ఆగి ఆకాశం తేటగా అయిన తర్వాతే అసలు చలి, ఒక రోజు మైనస్ 28 ఉండింది, ముక్కులోపల వెంట్రుకలు గడ్డ కట్టినట్టు గుచ్చుకుంటాయి, నడిస్తే కాలికింద ఉప్పు బస్తా తొక్కినట్టు కరకరమంటాది.

నాకు ఆ చలిలో బతకడం నేర్పించింది నా క్లాసు పిల్లలే. మొదటి మంచు రోజు గ్రౌండుకి తీసుకుపోవాల, నేను గ్లౌజులు వేసేసుకుని కోటు జిప్పు లాగలేక అవస్థ పడతా ఉంటే ఒక పాప వచ్చి నా గ్లౌజులు తీసేసి, ముందు స్నో ప్యాంటు, తర్వాత బూట్లు, తర్వాత కోటు, టోపీ, ఆఖర్న గ్లౌజులు అని వేలు మడిచి లెక్కపెట్టి చూపించింది. ఎనిమిదేళ్ల బిడ్డ! ఆ రోజు నుంచి అదే వరస. ఇక్కడి నుంచి పోయే టీచర్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట, కాటన్ లోపలేసుకోవద్దు, చెమట పట్టి తడిస్తే ఆరదు, ఒళ్లు చల్లబడిపోతాది, ఒంటికి తగిలేది ఉన్ను ఉండాల. కోటు, బూట్లు అక్కడే కొనండి, ఇక్కడ కొన్న స్వెటర్లు ఆ చలికి ఆగవు.

సరే, అసలు విషయానికి వస్తా. జనవరిలో సోమవారం సాయంత్రం, అక్కడ ఆరూముక్కాలు, ఇక్కడ మంగళవారం పొద్దున ఆరుంబావు. మధ్యాహ్నం నుంచి మంచు పడతానే ఉంది. ఎదురింటి అక్క ఫోను. అమ్మ బాత్రూంలో జారి పడింది, తొడ ఎముక, కదల్లేకపోతా ఉంది అని. మా ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటాది, నేను ఒక్కదాన్నే కూతుర్ని. పొద్దున పాలు తీసుకోలేదని అక్కకి అనుమానం వచ్చి తలుపు కొట్టిందంట, లోపల నుంచి అమ్మ మూలుగు వినపడి మేస్త్రీ అన్నని పిలిపించి వెనక తలుపు గడియ ఊడదీయించింది. అక్కా, ఆ పాల ప్యాకెట్ నువ్వు గమనించకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తల్చుకోలేకపోతా ఉన్నా.

ఆ రాత్రే టికెట్ తీసుకున్నా. పొద్దున్నకి విమానం క్యాన్సిల్. మిన్నియాపోలిస్ ఎయిర్‌పోర్టుకి మా ఊరి నుంచి 250 కిలోమీటర్లు, మామూలుగా రెండున్నర గంటలు, కానీ ఆ రోజు ఎవరూ రోడ్డెక్కొద్దని చెప్పేసినారు. బయటి తలుపు తోస్తే రాలేదు, అది బయటికి తెరుచుకునే తలుపు, దానికి ఆనుకుని నడుం దాకా మంచు. పక్కింటి పెద్దావిడకి 70 దాటినాయి, ఆమె పార పట్టుకొచ్చి అవతలి వైపు నుంచి తవ్వి తలుపు తీయించింది, నేను విషయం చెప్తే ఏం మాట్లాడకుండా లోపలికొచ్చి నా పక్కన కూర్చునింది.

ఇక్కడ డాక్టర్లు ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు, ఈ వయసులో ఒకటి రెండు రోజుల్లో చేసేస్తేనే మంచిది అని చెప్పినారు. నేను ఫోన్లో సరే అన్నా, చిన్నమ్మ పుత్తూరు నుంచి తెల్లారక ముందే బస్సెక్కి వచ్చి సంతకం పెట్టింది. బుధవారం పొద్దున పది గంటలకి అమ్మని లోపలికి తీసుకుపోయినారు, నాకు అక్కడ మంగళవారం రాత్రి పదిన్నర. కిటికీ అవతల వీధి దీపం కింద మంచు అడ్డంగా కొట్టుకుపోతా ఉంది, నేను ఫోను టేబుల్ మీద పెట్టుకుని చూస్తా ఉన్నా. ఆ పెద్దావిడ మళ్లీ టార్చి లైటు వేసుకుని వచ్చి ఒంటిగంట దాకా ఉండింది. అమ్మ పేరు అడిగి తెలుసుకుని, నోరు తిరక్కపోయినా నాలుగైదు సార్లు పలికి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఆమెకి తెలుగు రాదు, అందుకే ఆమెకి విడిగా రాసి పంపినా.

పన్నెండుంబావుకి నా పాత స్టూడెంట్ ఒకడు, ఇప్పుడు ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తా ఉన్నాడు, వీడియో కాల్ చేసినాడు. 'మేడమ్, అయిపోయింది, అమ్మమ్మ బాగుంది' అని ఫోను తిప్పి అమ్మ మొహం చూపించినాడు. రెండు రాత్రులు ఆస్పత్రి వరండాలో దుప్పటి పరుచుకుని పడుకున్నాడు ఆ పిల్లోడు. నాయనా, నీకు ఎనిమిదో తరగతిలో రికార్డు పుస్తకం తేలేదని ఎండలో నిలబెట్టినా, నాకు గుర్తుంది, తప్పు చేసినా.

డులూత్‌లో బుధవారం పొద్దున పెద్దావిడ కొడుకు పికప్ తెచ్చినాడు. వెనక ఇసక బస్తాలు, పార, దుప్పట్లు, డబ్బాలో కొవ్వొత్తి. ఎక్కడైనా మంచులో ఆగిపోతే ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాల, అది మూసుకుపోతే పొగ లోపలికొచ్చి ప్రాణం పోతాదని దారిలో చెప్పినాడు. మంచు తోసే లారీ వెనకే మెల్లగా పోయినాం, ఆరు గంటలు పట్టింది. డీజిల్ డబ్బులు ఇస్తే తీసుకోలేదు. నా క్లాసు పిల్లల్ని పక్క క్లాసు టీచర్లు పంచుకున్నారు, హెడ్ మేడమ్ ఆరు వారాలు సెలవిచ్చినారు. చెన్నైలో దిగేసరికి మా వీధి ఆటో అన్న ఎవరిదో కారు అడిగి తీసుకొచ్చి నిలబడున్నాడు, పుత్తూరు దగ్గర బండి ఆపి టీ తాగించి, అమ్మ పొద్దున రెండిడ్లీ తినిందని చెప్పినాడు. ఆ ఒక్క మాటతో నా పానం కుదుటపడింది.

ఇప్పుడు అమ్మ వాకర్ పట్టుకుని వరండా దాకా నడుస్తా ఉంది. బాత్రూంలో పట్టుకోను కమ్మీలు వేయించినా, గడియ బయటి నుంచి కూడా తీసేటట్టు మార్పించినా, ఇంకో తాళంచెవి ఎదురింటి అక్క దగ్గర పెట్టినా.

ఆఖరుగా ఒకటి. అమ్మకి రెండు యూనిట్ల రక్తం కావాల్సొచ్చింది. ఒకటి మా స్టూడెంటే ఇచ్చినాడు. రెండోది ఎవరో తమ్ముడు, వాళ్ల నాయన్ని చూసుకోను వచ్చి ఉన్నోడు, అక్కడ మాట్లాడుకునేది విని నేనిస్తానని పోయి ఇచ్చి, పేరు చెప్పకుండానే వెళ్లిపోయినాడంట. చిన్నమ్మకి గుర్తున్నదల్లా నీలం చొక్కా, చిత్తూరు నుంచి వచ్చినామని అన్నాడని. తమ్ముడూ, నువ్వు గానీ నీకు తెలిసినోళ్లు గానీ ఇది చూస్తే ఒకసారి మా ఇంటికి రండి. ఫిబ్రవరి నెలాఖరు దాకా నేను ఇక్కడే ఉంటా. నేను పోయిన తర్వాత వచ్చినా పర్లేదు, అమ్మ ఉంటాది, నిన్ను చూడాలని రోజూ అడుగుతా ఉంది. మీ నాయనకి ఎట్లుందో కూడా చెప్పు.