వార్షిక నివేదిక: వనభోజనాల చోటు ఎందుకు మారిందంటే

మన తెలుగు సంఘం సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, ఆదివారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు వాట్సాప్‌లో అందరూ చూసినవే. అందుకని ఈసారి మీలో చాలామంది అడిగిన ఒక్క ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాం: కార్తీక వనభోజనాలు పాత చోటనే ఎందుకు పెట్టలేదు?

మూడేళ్లుగా మనం లూసియానాలో, మిసిసిపీ నది గట్టున ఒక పాత ప్లాంటేషన్ (ఒకప్పుడు బానిసలతో సాగుచేయించిన పెద్ద తోట) బంగళా పచ్చికలో భోజనాలు పెట్టుకుంటున్నాం. ఓక్ చెట్ల నీడ, పిల్లలకి బోలెడు చోటు. ఈ వేసవిలో అదే నది పక్కన వాలస్ ఊళ్లో ఉన్న విట్నీ ప్లాంటేషన్ చూడ్డానికి వెళ్లాం. మాట్లాడుకున్న వ్యాన్లు ముందురోజు రాత్రి లేవన్నారు. కాస్త టెన్షన్ పడి, సొంత కార్లలోనే సర్దుకున్నాం.

ఆ నేల చేతులు మారిన తీరు వింటుంటే మన ఊళ్ల దస్తావేజులు గుర్తొచ్చాయి. 1752లో ఆంబ్రోయిజ్ హైడెల్ అనే జర్మన్ వలసదారు కొన్నాడు. మొదట నీలిమందు, తర్వాత చెరకు. కొడుకు, మనవలు అయ్యాక, మనవడి భార్య మారీ అజెలీ 1840 నుంచి 1860లో చనిపోయేదాకా ఒంటిచేత్తో నడిపింది అని రాయబోయి ఆగాం. అక్కడ ఆడిన చేతులన్నీ బానిసలవి. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక 1867లో న్యూయార్క్ వ్యాపారి బ్రాడిష్ జాన్సన్ కొని, తన మనవడి ఇంటిపేరు విట్నీ అని దానికి పెట్టాడు. 1990లో ఫార్మోసా ప్లాస్టిక్స్ అనే కంపెనీ రేయాన్ ఫ్యాక్టరీ కోసం కొంది. జనం అడ్డుపడ్డారు, ఫ్యాక్టరీ రాలేదు. ఆ తర్వాత న్యూ ఓర్లీన్స్ లాయరు జాన్ కమింగ్స్ కొని, సొంత డబ్బుతో 2014 డిసెంబరులో మ్యూజియంగా తెరిచాడు. బంగళా గొప్ప కాకుండా బానిసల బతుకే అక్కడ ముఖ్యం. 2019లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థకి అప్పగించాడు.

ఆరుబయట పెద్ద ఇనప పెనాలు ఉన్నాయి. అనకాపల్లి వైపు నుంచి వచ్చిన మన పెద్దాయన ఒకరు అంచు మీద చెయ్యేసి, "ఇవి మన బెల్లం పెనాలే కదండీ" అన్నారు. మరిగే చెరకు రసాన్ని బానిసలు పొడుగు కాడల గరిటెలతో పెద్ద పెనంలోంచి చిన్నదాంట్లోకి తోడేవారు, కోతల కాలంలో రాత్రీ పగలూ. ఆయన కూడా చిన్నప్పుడు గానుగ పొయ్యి దగ్గర కూచున్నవారే. నిద్రొస్తే ఇంటికెళ్లి పడుకునేవారట.

అక్కడి గోడల మీద చెక్కిన బానిసల పేర్లలో చాలావాటికి ఇంటిపేరే లేదు. అన్నా అనే బానిస స్త్రీకి, అజెలీ తోడబుట్టిన ఆంట్వాన్ వల్ల విక్టర్ పుట్టాడు. న్యూ ఓర్లీన్స్ తొలి నల్లజాతి మేయరు ఎర్నెస్ట్ మోరియల్ భార్య సిబిల్ ఆ విక్టర్ వంశమే. హైడెల్ ఇంటిపేరు వాళ్లకి దక్కింది, నేలలో వాటా మాత్రం రాలేదు.

తిరిగొచ్చాక పాత పచ్చికలో విస్తళ్లు వెయ్యడానికి మనసొప్పలేదు. కార్యవర్గంలో ఇద్దరు ఒప్పుకోలేదు. "ఆ లెక్కన ఈ గట్టున ఎక్కడా కూచోలేం" అన్నారు. అదీ కాదనలేని మాటే. అడ్వాన్సు పోయింది, ఆ నష్టం లెక్కల్లో చూపించాం. వచ్చే ఏడాది చోటు సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి.

ఈసారి భోజనాలు పార్కులో జరిగాయి. అక్కడ ఉసిరి చెట్టు లేదు. కుండీలోని ఉసిరి మొక్కని ఒళ్లో పెట్టుకుని కారులో తెచ్చిన అమ్మమ్మగారికి ధన్యవాదాలు.